నాయకుడంటే ఎవరు?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మమ్మల్ని ‘నాయకత్వం’ గురించి మాట్లాడమన్నారు. మేము ఎనిమిదో తరగతితో మగ్గం గుంటలో దిగినవాళ్లం. మగ్గం దగ్గర తెలిసిందే చెబుతాం.

ఇప్పుడు నాయకుడు అనే మాట చవకైపోయింది. ఫ్లెక్సీలో ఫోటో ఉంటే నాయకుడు. శాలువా కప్పితే నాయకుడు. ఆ శాలువా కూడా మరమగ్గం మీదదే!

మన తాతలు ‘పెద్ద’ అనేవారు. మా బరంపురంలో దేరా నేతవాళ్ల కులపెద్దను దేశి బెహెరా అంటారు. రెండేళ్లకోసారి జరిగే జాతరలో బుఢీ ఠకురాణి అమ్మవారు దేశి బెహెరా వీధికి పుట్టింటికొస్తుంది. అంటే ఆయన అమ్మవారికి తండ్రి వరస. పెద్దరికం అంటే పెత్తనం కాదు, ఇంటికొచ్చిన ఆడబిడ్డను చూసుకునే బాధ్యత అని మాకు అక్కడే తెలిసింది.

వీధిలో పడుగు సాగదీసేటప్పుడు చూడండి. పోగు ఎవరి దగ్గర తెగితే వాళ్లే అతుకుతారు. పెద్దాయన చూసేది బిగువు ఒక్కటే. ఎక్కువ లాగితే తెగుతుంది, వదిలేస్తే చిక్కుపడుతుంది. సంఘం కూడా అంతే.

నిడుబ్రోలు ప్రగడ కోటయ్య గారు (1915–1995) చట్టసభల్లో నేతన్న గొంతయ్యారు. కొండా లక్ష్మణ్ బాపూజీ గారు తెలంగాణలో చేనేత సహకార సంఘాల కోసం పాటుపడ్డారు, 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశారు. కుర్చీ దిగినా ఆయన పెద్దరికం తగ్గలేదు.

సహకార సంఘంలో ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. అందుకే మా లెక్క ప్రకారం నాయకుడంటే జవాబు చెప్పేవాడు. నూలు రానప్పుడు, కూలి ఆలస్యమైనప్పుడు మనం ఎవరి తలుపు తడతామో, తలుపు తీసి ఎవరు లెక్కల పుస్తకం చూపిస్తారో, ఆయనే నాయకుడు.

ఇంకొక్క మాట. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో నేతపనివాళ్లు 35 లక్షల పైచిలుకు. నేసేవాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లే. మరి మన సంఘాల కమిటీల్లో ఎంతమంది ఉన్నారు? కండెలు చుట్టేది ఆమె, రంగు చూసేది ఆమె, మగ్గం కూడా ఆమె నేస్తుంది. పాస్‌బుక్కులో మాత్రం ఇంటాయన పేరు. సభ్యత్వం లేకపోతే ఓటు లేదు, ఓటు లేకపోతే ఆమె మాట మీటింగులో ఎవరూ రాసుకోరు.

కాబట్టి అన్ని సంఘాలకూ మా మనవి ఒకటే. వచ్చే సర్వసభ్య సమావేశం లోపల నేసే ప్రతి ఆడమనిషికీ సభ్యత్వం రాయండి. కమిటీలో చోటివ్వండి. పిల్లలు మగ్గం వదిలి సూరత్‌కీ బెంగళూరుకీ పోతున్న ఈ రోజుల్లో, మగ్గం వదలకుండా కూర్చున్నది వాళ్లే. ఆ పని చేసి చూపించిన వాడిని నాయకుడనండి, మేము ముందుగా చప్పట్లు కొడతాం.

సెలవు. జై చేనేత.