కాసు బ్రహ్మానంద రెడ్డి

కాసు బ్రహ్మానంద రెడ్డి 1909 జులై 28న గుంటూరు జిల్లా నరసరావుపేట దగ్గరి చిరుమామిళ్లలో రైతు కుటుంబంలో పుట్టారు. నరసరావుపేటే ఆయన రాజకీయాలకు కేంద్రం. న్యాయశాస్త్రం చదివి, స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని, 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు.

నీలం సంజీవరెడ్డి తర్వాత 1964 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదల చేసింది ఆయన హయాంలోనే. వానపైనే ఆధారపడిన పల్నాడు మెట్ట పొలాలకు కుడికాలువ కృష్ణా జలాలను చేర్చింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. తర్వాత అదే ప్రకాశం జిల్లా అయింది.

1966 విశాఖ ఉక్కు ఉద్యమం, 1969 తెలంగాణ ఉద్యమం ఆయన పాలనకు పెద్ద పరీక్షలు. రెండింటిలోనూ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971 సెప్టెంబరులో ఆయన పదవి వీడగా పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ తర్వాత కేంద్ర హోంమంత్రిగా, 1977లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా, 1988 నుంచి 1990 వరకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. 1994 మే 20న కన్నుమూశారు. హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని జాతీయ ఉద్యానానికి ఆయన పేరే పెట్టారు.