మఖ్దూం 'సిపాహి' పాట మనకెందుకు గుర్తుండాలి?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను సాహిత్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. అందుకని మన ఈడువాళ్లలో చాలామంది రేడియోలో విన్న ఒక పాట గురించి చెబుతాను.

1960లో 'ఉస్‌నే కహా థా' అనే హిందీ సినిమా వచ్చింది. బిమల్ రాయ్ నిర్మించారు. సునీల్ దత్, నందా నటించారు. అందులో యుద్ధానికి పోతున్న సిపాయి మీద ఒక పాట ఉంది. సలీల్ చౌదరి బాణీ కట్టగా మన్నాడే, సబిత పాడారు. పాట బొంబాయి సినిమాలోదే గాని, రాసినవాడు బొంబాయి మనిషి కాదు. మన మెతుకుసీమ బిడ్డ మఖ్దూం మొహియుద్దీన్. సినిమా కోసం రాసిందీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో 'సిపాహి' పేరుతో రాసిన ఉర్దూ గేయం అది.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న అందోలులో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. తర్వాత ఆ ఉద్యోగం వదులుకొని కార్మిక సంఘాల పనిలో దిగాడు. నెల జీతం ఎంత భరోసానో మనకు తెలుసు గనుక, దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో కూడా మనకే బాగా తెలుస్తుంది.

ఆ పాటను అర్థం చేసుకోవాలంటే అప్పటి మన సంస్థానాన్ని ఒకసారి తలచుకోవాలి. నిజాం ప్రభువు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ వారికి ధారాళంగా ధనసాయం చేశాడు. ఇంగ్లండు వైమానిక దళంలో 110, 152 నంబర్ల స్క్వాడ్రన్లకు 'హైదరాబాద్' పేరు అలా వచ్చిందే. 1940లో జర్మనీ విమానదాడుల్ని ఎదుర్కొన్నవాటిలో ఈ 152వ స్క్వాడ్రన్ ఒకటి. డబ్బుతో పాటు మనుషులూ పోయారు. 1941 డిసెంబరు 8న జపాను సేనలు మలయా తీరంలో కోట భారు దగ్గర దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది మన సంస్థానపు ఒకటవ హైదరాబాద్ పదాతి దళమే. ఆ యుద్ధంలో దేశం మొత్తం మీద 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. సుమారు 87 వేల మంది తిరిగి రాలేదు.

ఎవరి యుద్ధం అది? ఎవరు నిర్ణయించారు? మలయా ఎక్కడుందో కూడా తెలియని రైతు బిడ్డ అక్కడికి ఎందుకు పోయాడు? మఖ్దూం పాట అడిగేది ఇదే. పోతున్న సిపాయిని ఎక్కడికి పోతున్నావని అడుగుతుంది. తర్వాత అతని వెనక మిగిలినవాళ్లను చూపిస్తుంది. ఆకలితో ఉన్న పిల్లల్ని ఊరడించే ఒక దుఃఖితురాలు, కాలుతున్న శవాల వాసన, బిక్కుబిక్కుమంటున్న చుక్కలు. అందులో తుపాకి గురించిన గొప్పలు లేవు, శత్రువు మీద తిట్లు లేవు. చివర తెల్లవారుతుందన్న నమ్మకం మాత్రం ఉంది.

మనలో చాలామంది గుమస్తాగిరీ చేసినవాళ్లం. కుటుంబ పింఛను దరఖాస్తులు రాశాం, రాయించాం. ఉద్యోగి చనిపోయిన తేదీకి ఆ ఫారంలో ఒకే ఒక గడి ఉంటుంది. ఆధారపడినవారి పేర్లకు, వయసులకు, సంబంధాలకు పెద్ద పట్టికే ఉంటుంది. యుద్ధవార్తల్లో మనకు ఆ మొదటి గడి మాత్రమే కనబడుతుంది. మఖ్దూం ఆ పట్టిక మొత్తం నింపి చూపించాడు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మఖ్దూం ఎన్నడూ పోరాటమే వద్దన్న మనిషి కాదు. తెలంగాణ సాయుధ పోరాటం నడిపిన పార్టీలో ముఖ్య నాయకుడు. అజ్ఞాతంలో ఉన్నాడు, జైలుకు వెళ్లాడు. 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. కాబట్టి ఆ పాట పిరికివాడి పాట కాదు, సిపాయిని చిన్నబుచ్చే పాట అంతకన్నా కాదు. సిపాయి ప్రాణానికి విలువ కట్టిన పాట.

ఆ హుజూర్‌నగర్ నేడు సూర్యాపేట జిల్లాలో ఉంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణం పొందిన కర్నల్ సంతోష్ బాబుది ఆ సూర్యాపేటే. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆయన భార్యకు రాష్ట్ర ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వడం సబబే. కాని ఏ పతకమూ, ఏ ఉత్తర్వూ ఆ ఇంటి మనిషిని తిరిగి తేలేవు. ఆయనకు చేతులెత్తి మొక్కుతూనే, ఇంకో ఇంటికి అటువంటి కబురు రాకూడదని కోరుకోవచ్చు. ఆ రెంటికీ వైరుధ్యం లేదు.

ఇటువంటి పాటలు మన దగ్గరే పుట్టలేదు. స్కాట్లండులోని బిగ్ కంట్రీ అనే రాక్ బృందం 1984లో 'వేర్ ది రోజ్ ఈజ్ సోన్' అనే పాటను రికార్డుగా విడుదల చేసింది. అదీ సైన్యంలో చేరి పోయే యువకుడి గోడే. గిటార్లు, డ్రమ్ములు మన చెవులకు కొత్త కావచ్చు గాని, ఇల్లు విడిచి పోయేవాడి బాధ కొత్తది కాదు.

ఇది పాత యుద్ధాల ముచ్చటే అనుకునే పిల్లలు ఈ సభలో ఉంటే వాళ్లకొక మాట. ఏజెంట్ల మాట నమ్మి మన దేశపు యువకులు కొందరు రష్యా వెళ్లారు. సైన్యంలో సహాయకుల పని, మంచి జీతం అన్నారు. తీరా పోయాక కొందరిని ఉక్రెయిన్ యుద్ధరంగానికి పంపారు. అలా పోయిన హైదరాబాద్ యువకుడు ఒకరు మరణించినట్లు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అతనికి ఆ యుద్ధంతో ఏం సంబంధం? 80 ఏళ్ల కింద మఖ్దూం అడిగిన ప్రశ్నే ఇది.

మన హసన్‌పర్తిలోనూ విదేశాలకు పోదామనుకునే పిల్లలున్నారు. ఉద్యోగం కోసం పోవడం తప్పు కాదు. అయితే ఇంట్లో ఉన్న తాతలం, నాయనమ్మలం మొహమాటపడకుండా అడగాలి. ఎక్కడికి పోతున్నావు బిడ్డా? ఎవరు తీసుకపోతున్నారు? కాగితం మీద ఏం రాసి ఉంది? నీకు రాని భాషలో ఉన్న ఒప్పందం మీద సంతకం పెట్టావా? జీవితమంతా కాగితాలు చదివిన మనం ఆ కాగితం కూడా ఒకసారి చదవాలి.

ఇంకొక మాట. 2025 మే నెలలో పాకిస్తానుతో ఘర్షణ జరిగిన ఆ నాలుగు రోజులు అందరం టీవీల ముందే కూర్చున్నాం. దేశం మీద అభిమానం ఉండవలసిందే. కాని యుద్ధాన్ని క్రికెట్ ఆటలా చూడటం మన వయసుకు తగదు. సరిహద్దు ఊళ్లలో మన వంటి ముసలివాళ్లే మనవళ్లను ఎత్తుకొని ఇళ్లు విడిచిపోయారు.

మఖ్దూం 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆ ఏడాదే ఆయన 'బిసాతె రక్స్' కవితా సంపుటికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. మనవళ్లను అటు తీసుకపోయినప్పుడు ఒక నిమిషం అక్కడ ఆగండి. ఈయన ఎవరని అడిగితే, యుద్ధానికి పోయేవాణ్ణి ఆపి, ఇంట్లోవాళ్ల తరఫున ఒక ప్రశ్న అడిగిన మనిషని చెప్పండి.