ఫోను కంపెనీలకు కాపలా ఎవరు?



పాలవాడు నీళ్లు కలిపితే కాచేసరికి తెలిసిపోతుంది. గ్యాసు బండ బరువు మీద అనుమానం వస్తే తెచ్చిన అబ్బాయి చేతనే తూయించవచ్చు. మరి నెల తిరిగేసరికి ఇంటిల్లిపాది ఫోన్లకూ రీఛార్జి చేయిస్తున్నామే, ఆ సరుకును ఎవరు తూచాలి? కంటికి కనిపించేది కాదాయె. మాట మధ్యలో తెగిపోతే “సిగ్నలు లేదు కాబోలు” అనుకుని మళ్లీ చేస్తాం. అంతే గాని, తూకం తగ్గిందని అడగం.

తూచడానికే 1997లో పార్లమెంటు చట్టం చేసి ఒక నియంత్రణ సంస్థను పెట్టింది. దానినే ట్రాయ్ అంటారు. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే 2019లో నడిచిన ఒక తగాదా చెప్పాలి. మన చేతుల్లోని ఫోను ఎంతసేపు మోగాలి అన్నదే ఆ తగాదా! ఆ రోజుల్లో ఒక కంపెనీ ఫోను నుంచి ఇంకో కంపెనీ ఫోనుకు మాట్లాడితే, చేసినవారి కంపెనీ అందుకున్నవారి కంపెనీకి నిమిషానికి 6 పైసలు ఇవ్వాలి. జియో మోత సమయాన్ని 20 సెకన్లకు తగ్గించింది. మనం పొయ్యి మీద గిన్నె దించి, చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి మోత ఆగిపోతుంది. “అయ్యో, ఎవరో చేశారే” అని మనమే తిరిగి చేస్తాం. అప్పుడు 6 పైసలు ఇచ్చుకోవలసింది మన కంపెనీ. ఇది కావాలని చేసిన ఎత్తే అని ఎయిర్‌టెల్ ఫిర్యాదు చేసింది. చేసి ఊరుకుందా? తాను కూడా మోతను 25 సెకన్లకు కోసేసింది. చివరికి ట్రాయ్ ఆ సంవత్సరం నవంబరులో, మొబైలు 30 సెకన్లు, ఇంట్లో తీగ ఫోను 60 సెకన్లు మోగాలని నిర్ణయించింది. ఆ 6 పైసల ఏర్పాటు కూడా 2021 జనవరి 1 నుంచి పోయింది. పైసలలో పుట్టిన ఆశ మన వంటింటిదాకా ఎలా వచ్చిందో చూశారా!

ఇక తూకం సంగతి. కంపెనీలు తమ పనితీరు లెక్కలు తామే రాసి ట్రాయ్‌కి పంపుతాయి. పిల్లవాడి మార్కులు పిల్లవాడే వేసుకున్నట్టుంది కదూ? అందుకని ఆ లెక్కలను తనిఖీ చేయిస్తారు. అది కాక, ట్రాయ్ తరఫున మనుషులు కార్లలో ఫోన్లు పెట్టుకుని ఊళ్లలో తిరుగుతూ, కాల్స్ చేస్తూ, ఎక్కడ కలిసింది, ఎక్కడ తెగింది అని నమోదు చేస్తారు.

మన విశాఖ వంటి ఊరికి ఇందులో ఒక చిక్కు ఉంది. యారాడ కొండ, కైలాసగిరి, సింహాచలం కొండ, ఎటు చూసినా కొండలే. కొండ అడ్డొస్తే సిగ్నలు పలచబడుతుంది. ఒకప్పుడు కంపెనీలు సర్కిల్ మొత్తానికి కలిపి సగటు చూపేవి. సర్కిల్ అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి! బీచ్ రోడ్డులో నిక్షేపంగా మోగే ఫోన్లు, కొండ వెనుక వీధిలో తెగిపోయే ఫోన్లను లెక్కల్లో కప్పేసేవి. ఎక్కడో అన్నం మిగిలితే ఇక్కడ ఆకలి తీరుతుందా? 2017లో ట్రాయ్ ఆ పద్ధతి మార్చింది. నూటికి 90 టవరు విభాగాల్లో, నూటికి 90 రోజుల్లో, తెగే కాల్స్ నూటికి రెండు మించకూడదంది. 2024 నిబంధనల ప్రకారం 2025 ఏప్రిల్ నుంచి మొబైలు లెక్క నెలనెలా చూస్తున్నారు. తప్పితే జరిమానా లక్షతో మొదలై 10 లక్షల దాకా పెరుగుతుంది. వేల కోట్ల వ్యాపారులకు 10 లక్షలు ఒక లెక్కా అని మీరడగవచ్చు. నేనూ అదే అడుగుతాను.

జరిమానా సర్కారుకు కాక నేరుగా మనకే అందేలా ఒకసారి ప్రయత్నం జరిగింది. తెగిన ప్రతి కాల్‌కు రూపాయి, రోజుకు మూడు రూపాయల వరకు తిరిగి ఇవ్వాలని 2015లో ఉత్తర్వు వచ్చింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. నూటికి రెండు తెగవచ్చని మీరే అని, ఆ రెంటికీ డబ్బు కట్టమనడం ఏమి న్యాయమన్నాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వాదనలో పస లేకపోలేదు. అయినా ఆ రూపాయి మన చేతికి వచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిన రోజు మన ఊళ్లో ఎవరు మరచిపోతారు? కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. స్టీలు ప్లాంటులో, పోర్టులో డ్యూటీకి వెళ్లినవారి క్షేమం తెలియక ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడ్డారు. ఇప్పుడు 2024 నిబంధనల్లో, జిల్లా స్థాయిలో 4 గంటలు దాటి సేవ ఆగితే కంపెనీ ట్రాయ్‌కి తెలియజేయాలి. 24 గంటలు దాటితే పోస్టుపెయిడ్ వారికి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగించాలి. అయితే ప్రకృతి వైపరీత్యానికి ఈ తగ్గింపు వర్తించదట! డబ్బు పోతే పోయింది, తుపాను ఊళ్లో ఫోను ఎంత త్వరగా పలకాలి అన్నదానికి గట్టి గడువు పెడితే మాబోటి సముద్రపు ఒడ్డువాళ్లు సంతోషిస్తారు.

మనవంతు పని చెబుతాను, రాసుకోండి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు విచారించదు. ముందు కంపెనీకే చెప్పాలి. వాళ్లిచ్చే డాకెట్ నంబరు తప్పక అడిగి తీసుకోవాలి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయవచ్చు, రుసుము లేదు. ఆయన 39 రోజుల్లో తేల్చాలి. అక్కర్లేని ప్రచార కాల్స్ వస్తే 1909కి ఫిర్యాదు చేయవచ్చు. 2025 ఫిబ్రవరి సవరణతో ఇందుకు 7 రోజుల గడువుంది. ఇవేవీ కాకపోతే వినియోగదారుల కమిషను ఉంది. ఫోను తగాదాలు అక్కడికి వెళ్లకూడదని కంపెనీలు వాదిస్తూ వచ్చాయి గాని, వెళ్లవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.