కొరతనాటి వడ్డన

పెండ్లివారి యింట బంతి సాగుచున్నది. గారెలు తరిగిపోవుచున్నవని వంటవాడు వచ్చి పెద్దల చెవిలో వేసినాడు. ఇప్పుడేమి చేయవలెను? మగపెండ్లివారికి ముందు వడ్డింపవలెనా? పసిపిల్లలకు ముందా? ముందు కూర్చున్నవారికే ముందా? లేక తలకొకటి చొప్పున అందరికిని సరిపెట్టవలెనా? "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అని మనవారు ఊరక అనలేదు. ఉన్నది తక్కువై, అడుగువారు ఎక్కువైనపుడు నిర్ణయమంతయు వడ్డించువాని చేతిలోనే యుండును.

ఈనాడు పెద్ద గిడ్డంగులలో ఈ వడ్డన కంప్యూటరు చేయుచున్నది. దుకాణములనుండి, ఆసుపత్రులనుండి, ఇండ్లనుండి వచ్చు ఆర్డర్లను అదే స్వీకరించును. నిలువయున్న సరకును లెక్కించును. ఎవరికెంతయో తేల్చి, కట్టలు కట్టువారికి చీటీ పంపును. సరకు సమృద్ధిగా నున్ననాడు ఇందులో చిక్కేమియు లేదు. చిక్కంతయు కొరతనాడే.

ఒక చిన్న లెక్క చూతము. గిడ్డంగిలో 100 బస్తాలున్నవి. మొదటి వర్తకుడు 60, రెండవవాడు 50, మూడవవాడు 40 బస్తాలు కోరినారు. మొత్తము 150. ముందు అడిగినవానికి ముందు అను నియమము పెట్టినచో మొదటివానికి 60, రెండవవానికి 40 ముట్టును; మూడవవాడు వట్టి చేతులతో పోవును. చిన్న ఆర్డరు ముందు తీర్చినచో మూడవవానికి 40, రెండవవానికి 50 పూర్తిగా అందును. మొదటివానికి 10 మాత్రమే మిగులును. కోరినదానిని బట్టి వాటాలు వేసినచో వరుసగా 40, 33, 27 వచ్చును. అందరికిని కొంత అందును గాని ఎవరి అవసరమును పూర్తిగా తీరదు.

ఈ మూడవ పద్ధతి ధర్మముగా కనబడును. కాని ఇందులో ఒక మోసమునకు సందు కలదు. మూడవవాడు గడుసువాడై 40 బస్తాలకు బదులు 90 కోరెననుకొందము. అప్పుడు మొత్తము 200 అగును. వాటాలు 30, 25, 45. వానికి నిజముగా కావలసినదానికంటె 5 బస్తాలు ఎక్కువే వచ్చినవి. నిజము పలికిన ఇద్దరును నష్టపోయినారు. మరుసటి మారు వారును హెచ్చుగానే అడుగుదురు. హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అను ముగ్గురు పండితులు 1997లో ప్రకటించిన వ్యాసములలో ఈ సంగతిని విశదపరచినారు. కొరత తీరిన పిమ్మట ఈ కల్పిత గిరాకీ యంతయు ఒక్కసారిగా మాయమగును. అమెరికాలోని సిస్కో సంస్థ 2001లో సుమారు 220 కోట్ల డాలర్ల విలువగల నిలువలను నష్టముగా వ్రాసికొనవలసి వచ్చినది. మార్కెట్టు కుంగుట దానికి ముఖ్యకారణమే గాని, ఒకే సరకుకై పలుచోట్ల పెట్టిన జంట ఆర్డర్లును దానికి తోడైనవి.

అందుచేత యంత్రమునకు నియమములు నేర్పువారు ఆర్డరులోని అంకెను మాత్రమే చూడరు. ఆ వర్తకుడు గడచిన నెలలలో ఎంత కొన్నాడు, సరకు ఏ తేదీకి కావలెను, ఇదివరలో అతనికి మాట యిచ్చితిమా అనునవి కూడ చూతురు. ఎస్.ఏ.పి. అను జర్మను సంస్థవారి సాఫ్టువేరులో ఆర్డర్లను ఐదు తరగతులుగా విభజింతురు. మొదటి తరగతికి కోరినదంతయు దక్కవలెను. రెండవదానికి మాట యిచ్చినది తగ్గరాదు, వీలైన పెరుగును. మూడవదానికి పెరుగవచ్చును, తరుగవచ్చును. నాలుగవదానికి పెరుగదు, తరుగవచ్చును. ఐదవ తరగతివారు తమకు కేటాయించినది కూడ వదలుకొనవలెను. క్రొత్త ఆర్డర్లు వచ్చినకొలది యంత్రము ఈ లెక్కను మరల వేయును. సాయంకాలము దక్కిన సరకు ఉదయమునకు దక్కకుండుట ఇందువలననే.

మా వీధి చివర ఒక చిన్న మందుల దుకాణమున్నది. ఒకప్పుడు ఇన్సులిను సరఫరా తగ్గినది. ఆ దుకాణదారుడు పది సీసాలకు ఆర్డరు పెట్టి వారము దినములు వేచినను ఒక్కటియు రాలేదు. అతని తరువాత కోరిన పెద్ద ఆసుపత్రికి మాత్రము అందినవి. ఆసుపత్రికి ముందు ఇచ్చుట తప్పని మేమనము. కాని మా వీధిలోని ముసలివారు ఆ దుకాణమునే నమ్ముకొని యున్నారు. వారికి ఇన్సులిను గారెవంటిది కాదు, ఈ బంతిలో లేకున్న మరొక బంతిలో తినుటకు. విచారింపగా, కొనుగోలు మొత్తమును బట్టి తరగతులు చేసినారనియు, చిన్న దుకాణములు కడపటి తరగతిలో పడినవనియు తెలిసినది. ఎవరును పగతో చేసినది కాదు. ఆ నియమము వ్రాసిననాడు మా వీధి ముసలివారు ఎవరి తలపునకును రాలేదు, అంతియే.

ఇందుకు ఉపాయములు లేకపోలేదు. వేచిన ప్రతి దినమునకు ఆర్డరు ఒక మెట్టు పైకెక్కునట్లు నియమింపవచ్చును. అప్పుడు ఎంత చిన్నవాడైనను ఒకనాటికి ముందునకు వచ్చును. నిలువలో కొంత భాగమును చిన్న దుకాణములకని వేరుగా ఉంచవచ్చును. ప్రాణావసరమైన వస్తువులకు లాభమును బట్టి కాక, అవసరమును బట్టి వరుస నిర్ణయింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, సరకు అందనివానికి కారణమును, అందు తేదీని తెలుపవచ్చును. "రేపు వచ్చును" అని ఏడు దినములు చెప్పుటకంటె "పదవ తేదీవరకు రాదు" అని ఒక్కమారు చెప్పుట మేలు. అప్పుడతడు మరొకచోట ప్రయత్నించుకొనును.

యంత్రమునకు చుట్టరికము లేదు. అది మనవాడును కాదు, పెరవాడును కాదు. చెప్పినది చెప్పినట్లు వడ్డించును. అందుచేత చెప్పువారే ముందుగా ఆలోచింపవలెను. సరకు నిండుగా నున్న దినములలోనే, తీరికగా కూర్చుండి, కొరతనాటి వరుసను వ్రాసికొనుట మంచిది. ఆ వ్రాయువేళ కడబంతిలో ఎవరు కూర్చుందురో ఒక్కమారు తలచుకొనుట ఇంకను మంచిది.