స్కోరు పుస్తకంలో లేని పరుగులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో అన్నేళ్లు ఉన్నావు కదా, అక్కడి సంగతి ఏదైనా పది నిమిషాలు చెప్పు. ఉద్యోగం గురించి మాత్రం వద్దు" అన్నారు. అందుకని బేస్‌బాల్ గురించి చెప్తాను. దయచేసి ఎవరూ లేవకండి. భోజనాలకు ఇంకా టైముంది, వంటవాళ్లను అడిగే వేదిక ఎక్కాను.

నేను ఏ ఆటా ఆడలేదని మా బ్యాచ్ వాళ్లందరికీ తెలుసు. సోడాబుడ్డి కళ్లద్దాలు, గాలొస్తే ఎగిరిపోయే ఒళ్లు. అయినా క్రికెట్ జట్టుతో ఊళ్లు తిరగాలని ఆశ. అందుకని స్కోరు రాసే పని పట్టాను. ఒక లాంగ్ నోట్‌బుక్కు, ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. ఆ పుస్తకం దగ్గరికి మళ్లీ వస్తాను.

2012లో నేను డెట్రాయిట్ శివార్లలో ఉండేవాణ్ణి. ఆ ఊరి జట్టు టైగర్స్. అందులో మిగ్వెల్ కాబ్రేరా అని వెనిజులా నుంచి వచ్చిన ఆటగాడు. భారీ మనిషి, పరిగెత్తమంటే కష్టమే కానీ బ్యాటు పట్టుకుంటే ఎదుటి పిచ్చర్లకు చెమటలు పట్టేవి. బేస్‌బాల్‌లో బ్యాటర్‌ను వందేళ్లుగా మూడు లెక్కలతో కొలుస్తున్నారు. బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐ. ఈ ఆర్‌బీఐ మన రిజర్వు బ్యాంకు కాదు, తన బ్యాటు వల్ల జట్టుకు వచ్చిన పరుగుల లెక్క. ఒకే సీజన్‌లో ఈ మూడింటిలోనూ లీగులో మొదటివాడిగా నిలిస్తే ట్రిపుల్ క్రౌన్ అంటారు. 1967లో బోస్టన్ ఆటగాడు కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సాధించాక 45 ఏళ్లు ఇంకెవరికీ అది దక్కలేదు. 2012లో కాబ్రేరా సాధించాడు. సగటు .330, హోమ్ రన్లు 44, ఆర్‌బీఐ 139. చివరి మ్యాచ్ కాన్సాస్ సిటీలో జరిగింది. మధ్యలో ఆయన్ను బయటికి పిలిస్తే ఎదుటి ఊరి జనం కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టీవీ ముందు నేనూ లేచాను. మా ఆవిడ ఏమైందని కంగారుపడింది.

ఇక ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడి బహుమతి, ఆయనకు కాక ఇంకెవరికి అనుకున్నాను. నా పక్క సీటు కుర్రవాడు అనుకోలేదు. అతను లాస్ ఏంజిలెస్ వైపు నుంచి వచ్చాడు. వాళ్ల ఏంజెల్స్ జట్టులో మైక్ ట్రౌట్ అని కొత్త కుర్రాడు. సీజన్ మొదలైనప్పుడు జట్టులో లేడు, ఏప్రిల్ చివర్లో పిలిపించారు. ఆగస్టులో 21 నిండాయి. సగటు .326, హోమ్ రన్లు 30, ఆర్‌బీఐ 83. ఆడింది 139 మ్యాచ్‌లే, కాబ్రేరా 161 ఆడాడు. ఈ లెక్కలు చూసి, "నీవాడు మూడింటిలోనూ వెనకే కదయ్యా, ఇంక వాదన దేనికి?" అన్నాను.

"మూడే ఎందుకు చూస్తావు?" అన్నాడు అతను. అక్కడ మొదలైన వాదన దాదాపు రెండు నెలలు నడిచింది. మధ్యాహ్నం నా పెరుగన్నం డబ్బా, అతని శాండ్‌విచ్, మధ్యలో ట్రౌట్, కాబ్రేరా.

అతని వాదన ఇది. ట్రౌట్ 49 బేస్‌లు దొంగిలించాడు. అంటే పిచ్చర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు దూకడం. దొరికిపోయింది ఐదుసార్లే. 129 పరుగులు తీశాడు, లీగులో అందరికన్నా ఎక్కువ. సెంటర్ ఫీల్డ్‌లో కాపలా. జూన్‌లో బాల్టిమోర్‌లో హోమ్ రన్ కావాల్సిన బంతిని గోడ మీదికి ఎగిరి అందుకున్నాడు. ఆ వీడియో అతను నాకు కనీసం పదిసార్లు చూపించాడు. కాబ్రేరా కొట్టిన బంతులకు ఇద్దరేసి అవుటైన డబుల్ ప్లేలు ఆ ఏడాది 28, లీగులో అందరికన్నా ఎక్కువ. ట్రౌట్‌కు 7. ఆర్‌బీఐ అంటావా, ముందున్నవాళ్లు బేస్‌ల మీదికి చేరితేనే కదా నీవాడు వాళ్లను ఇంటికి రప్పించేది? ట్రౌట్ బ్యాటింగ్ వరసలో మొదటివాడు. తనే ముందు నిలబడి ఎవరిని రప్పిస్తాడు?

పైగా వార్ అని ఒక కొత్త లెక్క తెచ్చాడు. యుద్ధం కాదు. ఒక ఆటగాడి చోట చిన్న లీగుల నుంచి చవగ్గా దొరికే మామూలు ఆటగాణ్ణి పెడితే జట్టు ఎన్ని గెలుపులు పోగొట్టుకుంటుందో చెప్పే అంచనా అది. బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్ అన్నీ పరుగుల్లోకి మారుస్తారు. రమారమి పది పరుగులకు ఒక గెలుపు. ఆ లెక్కన ట్రౌట్ విలువ పది గెలుపులు దాటింది, కాబ్రేరాది ఏడు దగ్గర ఆగింది.

నేనూ ఊరుకోలేదు. మా జట్టు లీగు ఫైనల్ గెలిచి వరల్డ్ సిరీస్‌కు వెళ్లింది, మీది ప్లేఆఫ్స్‌కే రాలేదు అన్నాను. "మీరు గెలిచినవి 88, మేం గెలిచినవి 89. మా డివిజన్ గట్టిది, మాదేం తప్పు?" అన్నాడు. చికాగోను దాటాల్సిన సెప్టెంబరులో మావాడు బ్యాటు ఝళిపించాడు అన్నాను. ఏప్రిల్‌లో గెలిచిన మ్యాచ్ గెలుపు కాదా అన్నాడు. కొత్తగా వచ్చిన ప్రిన్స్ ఫీల్డర్‌కు ఫస్ట్ బేస్ వదిలిపెట్టి కాబ్రేరా థర్డ్ బేస్‌కు మారాడు. సీజన్‌కు ముందు ఆ కొత్త చోటే బంతి ఎగిరి తగిలి కంటి కింద ఎముక చిట్లింది. ఆ త్యాగానికి నీ వార్‌లో ఎన్ని మార్కులు అని అడిగాను. దానికి మాత్రం అతను కాసేపు మాట్లాడలేదు.

ఈ పేచీ కొత్తది కాదు. టెడ్ విలియమ్స్‌కు 1942లో, 1947లో రెండుసార్లు ట్రిపుల్ క్రౌన్ వచ్చింది. రెండుసార్లూ ఎంవీపీ రాలేదు. 1947లో జో డిమాజియోకు 202 పాయింట్లు, విలియమ్స్‌కు 201. మనకు మాత్రం లేవా ఇలాంటివి? 2001లో ఈడెన్ గార్డెన్స్ మ్యాచ్. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, హర్భజన్ 13 వికెట్లు. మ్యాచ్ బహుమతి మన లక్ష్మణ్‌కు వచ్చింది. హైదరాబాదు మణికట్టు చూసి మురిసిపోయి, ఇరవై వికెట్లు పడకుండా ఏ టెస్టూ గెలవలేమన్న సంగతే మరిచిపోయాం. నేనూ మరిచిపోయినవాణ్ణే.

నవంబరులో ఫలితం వచ్చింది. ఓటర్లు 28 మంది క్రీడా విలేకరులు. కాబ్రేరాకు 22 మొదటి ఓట్లు, ట్రౌట్‌కు 6. పాయింట్లు 362, 281. నేను ఆఫీసుకు మైసూర్‌పాక్ పట్టుకెళ్లాను. ఆ కుర్రవాడు రెండు ముక్కలు తిని, "ఒక్కటే అడుగుతాను. ట్రౌట్ ఆపిన పరుగు ఎవరి ఖాతాలో రాస్తావు?" అన్నాడు.

నా చేతిలో మైసూర్‌పాక్ అలాగే ఉండిపోయింది.

మన జట్టులో కవర్స్‌లో ఒకడు నిలబడేవాడు. పేరు చెప్పను, మా బ్యాచ్‌కు తెలుసు. వాడి వైపు బంతి వెళ్తే పక్క ఊళ్ల వాళ్లు రెండో పరుగుకు కదిలేవారు కాదు. వాడు అవతలి వికెట్ దగ్గరుంటే మనవాళ్లు కొట్టిన ఒకటి రెండయ్యేది. పిలిచి, పరిగెత్తించేది వాడు. రెండు పరుగులూ నేను రాసింది కొట్టినవాడి పేరు కింద. వాడు నేరుగా వికెట్లకు విసిరి పడగొడితే నా పుస్తకంలో "రనౌట్" అని ఒక్క మాట. ఎవరు విసిరారో రాయడానికి గడి లేదు. నేనూ గీసుకోలేదు.

తొమ్మిదో తరగతి వార్షికోత్సవానికి ముందు డ్రిల్లు మాస్టారు పిలిచి, "ఉత్తమ క్రికెటర్ షీల్డు ఎవరికిద్దాంరా? పుస్తకం చూసి చెప్పు" అన్నారు. పరుగులు కూడి, ఎక్కువ ఉన్నవాడి పేరు చెప్పాను. వాడూ మంచి ఆటగాడే, అందులో అనుమానం లేదు. కానీ మ్యాచ్‌లన్నీ బౌండరీ గీత పక్కన కూర్చుని మొదటి బంతి నుంచి చివరిదాకా చూసినవాణ్ణి నేను. మాస్టారు అడిగింది నన్ను, నేను జవాబిచ్చింది పుస్తకంలోంచి. పదో తరగతిలో కవర్స్ వాడు జట్టుకు రాలేదు. పొలం పనులు అన్నాడు. అయ్యుండవచ్చు. నేను అడగలేదు.

ఇప్పుడు ఓటు వేయమంటే ట్రౌట్‌కే వేస్తాను. అలాగని వార్ వేదవాక్కు కాదు. ఫీల్డింగ్ అంచనాలు ఒక్కో చోట ఒక్కో రకంగా వస్తాయి, మూడు గెలుపుల తేడాను నేను రెండుగా చదువుకుంటాను. అయినా తేడా తేడాయే. కాబ్రేరాకు బహుమతి వచ్చినందుకు మాత్రం ఇప్పటికీ సంతోషమే. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయని ఆ కుర్రవాడు నన్ను చాలాకాలం ఏడిపించాడు.

మా అమ్మ ట్రంకు పెట్టెలో ఏదీ పారేయదు. ఆ లాంగ్ నోట్‌బుక్కు దొరికింది. అట్ట ఊడింది, ఎర్ర సిరా గులాబీ రంగుకు తిరిగింది. నిన్న రాత్రి మన కవర్స్ వాణ్ణి పట్టుకుని షీల్డు సంగతి ఎత్తాను. "షీల్డు ఎవడిక్కావాల్రా, రనౌట్ల పక్కన పేరెందుకు రాయలేదురా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇద్దరం కూర్చుని పేజీలు తిప్పాం. గుర్తొచ్చిన ప్రతి రనౌట్ పక్కన వాడి పేరు రాశాను. పక్క ఊరితో ఆడిన మ్యాచ్‌లో ఒకటి మాత్రం తనది కాదని పట్టుబట్టాడు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఆ బంతి ఎవరు విసిరారో మీలో ఎవరికైనా గుర్తుంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. పెన్ను జేబులోనే ఉంది.