తాళాలు యజమాని దగ్గరే ఉండాలి

(సూరత్‌లో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మావారి బదిలీతో నేను సూరత్ వచ్చాను. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారు చేసిపెట్టడం నా పని. డిజైనరు నేనే, గుమాస్తా నేనే, బాకీ వసూలుకు వెళ్లేదీ నేనే. మన ఇళ్లలో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవారి కోసం నాలుగు మాటలు చెప్పమన్నారు.

సూరత్ అనగానే వజ్రాలు, రింగ్ రోడ్డు చీరల మార్కెట్లు గుర్తుకొస్తాయి. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు కనిపిస్తాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అక్కడ చీరలకు లేసులు కుట్టే ఒకక్క నన్ను అడిగింది: "చెల్లీ, వాట్సాప్ ఉండంగ ఇదెందుకు?"

మంచి ప్రశ్న. మన నంబరు ఉన్నవారికి వాట్సాప్ చాలు. మనమెవరో తెలియనివారు వెతికితే దొరకాలంటే వెబ్‌సైట్ కావాలి. పాత ఖాతాలతోనే చేతినిండా పని ఉంటే వద్దనే చెబుతాను. అవసరం లేని సరుకు అంటగట్టి ఎన్నాళ్లు బతుకుతాం?

అసలు సంగతి పేరు దగ్గరుంది. ఒక చీరల వ్యాపారికి ఇంతకుముందు పనిచేసినాయన డొమైన్ పేరును తన పేరుతోనే నమోదు చేసుకున్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. గడువు తీరింది, పేరు పోయింది. అట్టపెట్టెలు, విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు అన్నిటిమీదా అచ్చయింది ఆ పేరే. డొమైన్ అంటే ఇంటి పట్టా. హోస్టింగ్ అద్దె స్థలం. డిజైనరు ఇంటికి రంగులు వేసే మనిషి. రంగులు వేసినవారి పేరున పట్టా ఉండకూడదు.

పేరు విలువ బ్యాంకువారికి చెప్పనక్కరలేదు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే. నకిలీ సైట్ల నుంచి ఖాతాదారులను కాపాడటానికే ఈ ఏర్పాటు. లేసులు కుట్టే అక్కకూ తన పేరు అంతే ముఖ్యం.

ఇక డబ్బు సంగతి. ఇక్కడి బట్టల వ్యాపారం అరువు మీద నడుస్తుంది. ఒంటరి మనిషికి అది కుదరదు. సగం ముందే తీసుకుంటాను, మిగతాది సైట్ ప్రారంభానికి ముందు. ఉద్యమ్ నమోదు ఉచితం, తప్పక చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. చట్టం పేరు చెప్పి ఎవరితోనూ గొడవపడనక్కరలేదు. బిల్లు అడుగున ఒక వాక్యం రాస్తే చాలు, అవతలివారికి అర్థమవుతుంది.

ల్యాప్‌టాప్ కొనడానికి ఇంట్లో నగలు తీయకండి. ముద్ర పథకం శిశు విభాగంలో 50,000 రూపాయల దాకా పూచీకత్తు లేకుండా రుణం ఉంది. వ్యాపారానికి ఖాతా వేరుగా పెట్టుకోండి. ఇంటి ఖర్చుతో కలిస్తే లాభమెంతో మనకే తెలియదు.

"నీకు జ్వరమొస్తే మా గతేంటి? మీవారికి బదిలీ అయితే?" అని అడుగుతారు. అడగాల్సిందే. దీనికి జవాబు మన ఇళ్లలోనే నేర్చుకున్నాను. బదిలీ అయిన మేనేజరు తాళాలు, రిజిస్టర్లు లెక్కచూపి ఛార్జ్ అప్పగించి వెళతారు కదా! నేను పని పూర్తయిన రోజే అప్పగిస్తాను. డొమైన్ యజమాని ఈమెయిల్ మీదే ఉంటుంది. పాస్‌వర్డులు ఆయన మార్చుకుంటారు. గడువు తేదీలు, సైట్ నకలు ఒక కవరులో ఇస్తాను. రేపు ఇంకెవరైనా ఆ కవరు తెరిచి పని అందుకోవచ్చు.

అలా ఇచ్చేస్తే ఖాతాదారులు జారిపోరా అని కొందరి భయం. నా అనుభవంలో, తాళం చేతికిచ్చినవారే మరొకరిని వెంటబెట్టుకుని వచ్చారు. మనిషిని కట్టేసి ఉంచేది పాస్‌వర్డు కాదు, నమ్మకం. అది మీ అందరికీ తెలిసిన వ్యాపారమే.