ఇంటి పశువునకు చిత్తరువు వ్రాయించుట



మన యింటి పెద్దలు గతించినప్పుడు వారి పటములు గోడకు దగిలించుకొందుము. పదునైదేండ్లు మన పొలము దున్ని, మన ధాన్యమును ఇల్లు చేర్చిన యెద్దు గతించినప్పుడు మాత్రము మెడగంటలును ముక్కుత్రాడును మిగులును, రూపము మిగులదు. పశువునకు చిత్తరువు వ్రాయించుట యనగానే నవ్వువారు కలరు. నేనును మొదట నవ్వినవాడనే.

మా యింట ఒంగోలుజాతి యెడ్లజత యొకటి యుండెడిది. అందు దాపటి యెద్దు వయసుడిగి మేత తగ్గించినది. దాని రూపము వ్రాయింపవలెనని మా తమ్ముడు కోరెను. సేద్యము వానిది, బడిలో పాఠములు చెప్పుకొనుట నాది. ఛాయాపటము చాలదా యని యడిగితిని. "తీయించితిని అన్నయ్యా! గడ్డివామియు, పొరుగువారి దడియు చక్కగా వచ్చినవి. ఎద్దే చిన్నదైపోయినది" అనెను.

సమీపపు పట్టణమునుండి చిత్రకారు నొకని పిలిపించితిమి. యువకుడు, వినయశీలి. మూడు ప్రొద్దుటిపూటలు పశువులకొట్టము నెదుట పీట వేసికొని కూర్చుండెను. నేనును ప్రక్కన కూర్చుండి చూచితిని. తెల్లని పశువును తెల్లని కాగితముపై వ్రాయుట యెట్లని నా సందేహము. అతడు తెలుపును వ్రాయనే లేదు. డొక్క క్రింది నీడను, గంగడోలు మడతలను, మూపురము ప్రక్కవాటును బొగ్గుపుల్లతో మెల్లగా రుద్దుచు పోయెను. నడుమ మిగిలిన కాగితమే యెద్దయ్యెను! ఒంగోలు ఆబోతులకు మెడయు మూపురమును ముదురుబూడిదవన్నె యగును. మా యెద్దునకు ఆ వన్నె లీలగా మాత్ర ముండెడిది. కాటుక దీర్చినట్టి కనురెప్పలును, నల్లని మూతియు, తోకకుచ్చును మాత్రమే అతడు గట్టిగా నొత్తి వ్రాసెను. ప్రొద్దుటి యెండ ప్రక్కనుండి పడును గనుక నీడలు తెలియును. మిట్టమధ్యాహ్నమున వ్రాసినచో పశువు పలకవలె నుండునని చెప్పెను.

పదిదినములకు చిత్తరువు పూర్తిచేసి తెచ్చెను. మా తమ్ముడు పరమానందభరితుడయ్యెను. ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. ఇంతలో మా పాలేరు గడ్డిమోపు దించి వచ్చెను. ఆ యెద్దునకు పదునాలుగేండ్లు మేత వేసినవాడు. పటమును కొంతసేపు చూచి, "మంచి గొడ్డే పంతులుగారూ! ఎవరిది?" అని యడిగెను.

అప్పుడు గాని నా కన్నులు తెఱువబడలేదు. వెనుకనొకప్పుడు వాగుగట్టున బండి యొఱగి, కాడికి దగిలి, ఆ యెద్దు ఎడమకొమ్ము కొన విఱిగినది. చిత్రకారుడు మర్యాదకొఱకు ఆ కొమ్మును అతికించి యుండెను. మెడమీద కాడి యొరసి కాయగాచిన చోటును నునుపు చేసెను. ఎముకలు తేలిన డొక్కను నింపెను. అది ఒంగోలు ఎద్దే. మా యెద్దు గాదు.

కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన అభిలషితార్థచింతామణిలో, అద్దములోని ప్రతిబింబమువలె పోలిక గుదిరిన చిత్రమునకు విద్ధచిత్రమనియు, మనసున దోచినట్లు వ్రాసినదానికి అవిద్ధచిత్రమనియు పేళ్లు పెట్టబడినవి. రెండును శాస్త్రసమ్మతములే. మాకు వచ్చినది రెండవది. మేము కోరినది మొదటిది. కాని కోరినట్లు చెప్పితిమా? "చక్కగా వ్రాయుము" అని మాత్రమే చెప్పితిమి. చక్కదనమునకు అతడు తన యర్థమును చెప్పుకొనెను. తప్పు మాదని నా నిర్ణయము.

తమ్మునితో ఈ మాట చెప్పగా వానికి కోపము వచ్చెను. "జీవితమంతయు చాకిరిచేసి చిక్కినదానిని, చిక్కినట్లే గోడకు వ్రేలాడదీయవలెనా?" అనెను. వాని మాటలోను న్యాయము లేకపోలేదు. నేను సమాధానము చెప్పలేక, చిత్రకారునకు నా పింఛనునుండి మరల కూలి యిచ్చి రెండవపటము వ్రాయుమంటిని. అతడును కొంచెము నొచ్చుకొనెను. దిద్దుబాట్లు ఎన్ని, వాని ఖర్చెవరిది యని బయానా యిచ్చునాడే అనుకొనియుండినచో ఆ నొప్పి లేకపోవును. పటము కొలత, గడువు, అద్దపుచట్టము ఖరీదు కూడ అప్పుడే తేల్చుకొనవలెను.

రాజులకును ఈ వేడుక యుండెడిది. తన ముత్తాత బాబరు జంతువులను గూర్చి వ్రాసెనే గాని వానిని చిత్రింపజేయలేదని మొగలు చక్రవర్తి జహంగీరు తన చరిత్రలో చెప్పుకొనెను. 1612లో గోవానుండి వచ్చిన టర్కీకోడిని ఆయన చిత్రింపజేసెను. 1621లో ఆయనకు కానుకగా వచ్చిన చారలగుఱ్ఱమును చూచి, చారలు ఎవరో పూసిన రంగేమో యని కొందఱు శంకించిరట! దానిని మన్సూరను చిత్రకారుడు తలత్రాడుతో సహా ఉన్నదున్నట్లు వ్రాసెను. ఒక్క చారయైన సొగసుకొఱకు జరిపియుండినచో ఆ శంక తీఱకపోవును గదా.

ఎద్దు నెమరువేయుచు నిలుచును గనుక పని సులువు. కుక్క నిలువదు, పిల్లి నిద్రించునప్పుడే దొరకును. అట్టివానికి ఛాయాపటములు సాయము చేయును. అవి పశువు కంటికి సమానమైన యెత్తునుండి తీసినవై యుండవలెను. నిలుచుండి పైనుండి తీసినచో తల పెద్దదై కాళ్లు కుఱుచనగును. అయినను సజీవముగా నొక్కసారియైన చూడక పోలిక గుదురుట కష్టము. చెవి యెటు వాల్చును, పిలిచిన నెటు తిరుగును, ఇవి పెంచినవారు దగ్గఱనుండి చెప్పవలెను. మేము మా పాలేరును కూర్చుండబెట్టి చెప్పించితిమి.

బొగ్గుతో వ్రాసినది చేయి తగిలిన చెదరును. దానిపై పలుచని లక్కద్రావకము చల్లించి, కాగితమునకు అద్దము తగులకుండ నడుమ అట్ట పెట్టించి కట్టింపవలెను. చెమ్మగోడయు, ఎండ పడుగోడయు పనికిరావు.

రెండవసారి చిత్రకారుడు వచ్చునప్పటికి ఎద్దు లేవలేకున్నది. పండుకొన్నదానినే వ్రాసెను. విఱిగిన కొమ్ము ఇటువైపే వచ్చినది. నాలుగవనాడు అది గతించెను.

మొదటిపటము మా తమ్ముని చావడిలో నున్నది. వచ్చినవారందఱు దానినే మెచ్చుకొందురు. రెండవది నా గదిలో నున్నది. మా పాలేరు అప్పుడప్పుడు వచ్చి, కండువతో అద్దముమీది దుమ్ము తుడిచి, "గంగడోలు క్రింద గోకితే మెడ చాచేది పంతులుగారూ" అనును.